యంత్రములలోని దస్తరములు – వాని నకళ్లు



నేటి నా ప్రసంగ విషయము పేరునకు క్రొత్తది, పనికి ప్రాతది. లెక్క వ్రాసినవాడు దాని నకలు నెక్కడ నుంచవలెను, దేనిపై నుంచవలెను, ఎన్ని నకళ్లుంచవలెను అనునదియే విషయము. తాటాకుల కాలమునను, కాగితపు కవిలెల కాలమునను మన పెద్దలీ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనిరి. నేడు దస్తరములు కంప్యూటరులలోనికి పోయినవి గాన మఱల చెప్పుకొనవలసి వచ్చినది.

ఇది పట్టణపు టుద్యోగుల గొడవ, మనకేల యని తలంపవలదు. ఆంధ్రప్రదేశమున అడంగలును, తెలంగాణమున పహాణీయును నేడు కంప్యూటరునుండి తీసి యిచ్చు కాగితములు. రిజిస్ట్రేషను దస్తావేజు, పింఛను పట్టిక, బ్యాంకు ఖాతా, అన్నియు నట్టివే. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను గూడ కంప్యూటరుల కెక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరమున ఆమోదించినది. మీ చేతిలోని కాగితము నీడ వంటిది. మూలము వేఱొకచోట, ఒక యంత్రాలయమున, వరుసగా నిలిపిన పెట్టెలలో నున్నది. ఆ పెట్టెలకు హాని కలిగిన నేమగును?

ఏమగునో దక్షిణ కొరియా దేశము చూచినది. అచట దేజాన్ నగరమున ప్రభుత్వ యంత్రాలయ మొకటి కలదు. 2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి, కరెంటు పోయినపుడు యంత్రములను నడుపుటకై యుంచిన లిథియం బ్యాటరీలను తరలించుచుండగా నిప్పంటుకొన్నది. మంటలు పూర్తిగా నాఱుటకు మఱునాటి సాయంకాలమైనది. 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయినవి. ఉద్యోగులు తమ పని కాగితములను దాచుకొను ‘జి-డ్రైవు’ అను ఉమ్మడి ఫైళ్ల కొట్టు కాలిపోయినది. అందున్నది 858 టెరాబైట్ల సమాచారము. దానికి బయట నకలు లేదు. ఏల లేదనగా, కొట్టు మిక్కిలి పెద్దది గావున బయట నకలుంచు ఏర్పాటు లేకపోయెనని యధికారులు చెప్పిరి. కాగితములన్నియు అందే దాచుచు వచ్చిన శాఖ యొకటి అందఱికంటె నెక్కువగా నష్టపోయినది.

టెరాబైటనగా నెంతయో చెప్పెదను. అచ్చు పుస్తకములోని ఒక తెలుగు పుటను కంప్యూటరులో వ్రాసినచో సుమారు 5 వేల బైట్లు పట్టును. టెరాబైటనగా లక్ష కోట్ల బైట్లు. అనగా ఒక్క టెరాబైటులో సుమారు 20 కోట్ల పుటలు పట్టును. బొమ్మలు, ఫొటోలు ఇంతకంటె చాల నెక్కువ చోటు తినును గాన, ఒక పెద్ద కార్యాలయమునకు నూఱు టెరాబైట్లు నేడు వింత కాదు.

“పెద్దది గావున నకలు లేదు.” ఈ మాటయే నా ప్రసంగమునకు కారణము. పెద్ద కొట్టునకు నకలు తీయుట కష్టమే గాని అసాధ్యము గాదు. ఏ విధముగా తీయవలెనో, దేనిపై తీయవలెనో ముందుగా లెక్కగట్టి యెన్నుకొనవలెను.

మొదట ఆ కొట్టు కట్టుబడి తెలిసికొందము. అనేకులు తమ తమ బల్లలయొద్ద నుండి తీగల ద్వారమున ఫైళ్లను దాచుకొనుటకును, తీసికొనుటకును వీలుగా నుంచిన యంత్రమునకు ఫైల్ సర్వరని పేరు. పని పెరిగినకొలది ఒక్క యంత్రము చాలదు. అపుడు నాలుగో, పదియో, నూఱో యంత్రములను కలిపి, బయటివారి కొక్కటిగానే కనబడునట్లు కూర్చెదరు. ఈ కూర్పునకు క్లస్టరని పేరు. అన్నదమ్ములు నలుగురు ఉమ్మడి సంసారము చేసినట్లు, ఒకడు జబ్బుపడినను మిగిలినవారు సేద్యము నడిపెదరు. బయటివారికి లోపమే తెలియదు.

ఇందులో నొక చమత్కారము కలదు. ఒక యంత్రమున 7 అను అంకెయు, రెండవదానిలో 5 అను అంకెయు నుంచి, మూడవదానిలో వాని మొత్తము 12 వ్రాయుదురనుకొనుడు. రెండవ యంత్రము చెడినచో, 12లో 7 తీసివేసి 5 అని తెలిసికొనవచ్చును. వాడుకలోని లెక్క ఇంతకంటె చిక్కైనది గాని, తత్త్వమిదే. ఒకటి రెండు చక్రములు చెడినను, ఒక యంత్రమే ఆగినను అక్షరము పోదు.

ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. “మా సర్వరు క్లస్టరు. ఒకటి పోయిన నింకొకటి యున్నది. నకలు వేఱే యేల?” అందురు. ఉమ్మడి కుటుంబమున నలుగురు అన్నదమ్ములున్నను ఇల్లొక్కటే గదా! ఇల్లంటుకొన్నపుడు నలుగురి గాదెలును కాలును. క్లస్టరు యంత్రము చెడుటనుండి కాపాడును గాని అగ్నినుండియు, వరదనుండియు, చేతి పొరపాటునుండియు, దొంగనుండియు కాపాడదు. ఒకడు పొరపాటున ఫైలును తుడిచినచో, క్లస్టరు విధేయురాలైన సేవకురాలివలె అన్ని యంత్రములనుండియు ఆ క్షణముననే తుడిచివేయును.

చేతి పొరపాటునకు జపానులోని క్యోటో విశ్వవిద్యాలయము సాక్ష్యము. అచట పరిశోధకుల కొఱకు మహాగణన యంత్రమును, దానికి జతగా బహుయంత్రముల ఫైళ్ల కొట్టును కలవు. 2021 డిసెంబరు 14 మొదలు 16 వఱకు, ఆ కొట్టునుండి సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 77 టెరాబైట్ల మేర, తుడుచుకొనిపోయినవి. నష్టపోయినవి 14 పరిశోధక బృందములు. అందు నాలుగింటి ఫైళ్లు మఱల రాబట్టుటకు వీలులేకపోయినది. తుడిచినది దొంగ గాదు, నకలు తీయు కార్యక్రమమే! పది దినములు దాటిన ప్రాత చిట్టాలను తీసివేయుట దాని పనులలో నొకటి. అది నడుచుచుండగనే యంత్రములు సమకూర్చిన సంస్థవారు దాని పాఠమును మార్చిరి. సగము ప్రాత పాఠమును, సగము క్రొత్త పాఠమును చదివిన యంత్రము, తుడువవలసిన స్థలము పేరు తెలియక, అసలు కొట్టునే తుడువసాగినది. కావలి యుంచిన కుక్కయే కోళ్లను తిన్నట్లైనది.

ఇక దొంగ సంగతి. నేటి దొంగ పెట్టెను మోసికొనిపోడు. దూరముననుండియే తీగల వెంట వచ్చి, ఫైళ్లన్నిటిని తనకు మాత్రమే తెలిసిన గుప్తలిపిలోనికి మార్చి, తాళపుచెవి కావలెనన్న సొమ్ము తెమ్మనును. దీనికి రాన్‌సమ్‌వేరని పేరు. ఈ దొంగ మొట్టమొదట వెదకునది నకళ్లనే. తీగకు తగిలియున్న నకలు వానికందిన నకలే. కావున పెద్ద కొట్టున కెన్నుకొను నకలు, అగ్నికి దూరమై, పొరపాటున కందక, తీగకు తగులక యుండవలెను. ఈ మూడు గుణములను గుఱుతుంచుకొని విధానములను విచారింతము.

నకలు తీయు పద్ధతులు ముఖ్యముగా మూడు. సమస్తమును మొదటినుండి చివరవఱకు తీయుట సంపూర్ణ ప్రతి. క్రిందటి నకలు తరువాత మాఱినవానిని మాత్రమే తీయుట దినచేర్పు. క్రిందటి సంపూర్ణ ప్రతి తరువాత మాఱినవాని నన్నిటిని ప్రతిదినము తీయుట మొత్తపు చేర్పు. మొదటిది సులభము గాని బరువు. రెండవది తేలిక గాని, మఱల నిలువబెట్టునపుడు సంపూర్ణ ప్రతియు, దాని వెనుకటి చేర్పులన్నియు వరుస తప్పక కావలెను. నడుమ నొకటి చెడినచో అటుపిమ్మటివి పనికిరావు. మూడవదానికి సంపూర్ణ ప్రతియు, చివరి చేర్పును, రెండే చాలును. కాని దినదినము బరువు పెరుగును.

లెక్కతో చూతము. కొట్టులో నూఱు టెరాబైట్లున్నవి, దినమునకు రెండు టెరాబైట్లు మాఱుననుకొనుడు. ఆదివారము సంపూర్ణ ప్రతి తీసినచో, దినచేర్పు ఏ రాత్రియైనను రెండు టెరాబైట్లే. మొత్తపు చేర్పు సోమవారము రెండు, మంగళవారము నాలుగు, ఇట్లు పెరిగి శనివారమునకు పండ్రెండు టెరాబైట్లగును. రాత్రి వ్యవధి తక్కువయైనచోట మొదటిదానిని, మఱల త్వరగా నిలువబెట్టవలసినచోట రెండవదానిని ఎన్నుకొందురు.

ఎన్నాళ్ల నకళ్లు దాచవలెననుటకు ఈ వృత్తివారిలో నొక ప్రాత యేర్పాటు కలదు. దాని పేరు వినగనే మీకు ముచ్చటగా నుండును. తాత, తండ్రి, కొడుకు! ప్రతిదినపు నకలు కొడుకు, వారపు నకలు తండ్రి, నెల నకలు తాత. కొడుకులను కొన్ని వారములును, తండ్రులను కొన్ని నెలలును, తాతలను సంవత్సరముల తరబడియు దాతురు. నిన్న చెఱిగిన ఫైలును కొడుకు చెప్పును. ఆఱు నెలలనాడే చెఱిగియు నేడు బయటపడిన తప్పును తాత మాత్రమే చెప్పగలడు. ఇంటిలో వృద్ధుడుండవలెననుటకు ఇదియు నొక దృష్టాంతము.

క్లస్టరు విషయమున ఇంకొక చిక్కు కలదు. కదలుచున్న మందను లెక్కించినచో ఒక గొఱ్ఱె రెండుమాఱులు లెక్కకు వచ్చును, ఒకటి లెక్కకే రాదు. అట్లే, వందలమంది వ్రాయుచుండగా నకలు తీసినచో, ముందు భాగము సాయంకాలపుది, వెనుక భాగము తెల్లవాఱుజాముది యగును. దీనికి విరుగుడు స్నాప్‌షాట్. ఒక నిర్ణీత క్షణమున కొట్టు రూపము నట్లే నిలిపి, ఆపైన ఎవరే పుటను మార్చినను, ప్రాత పుటను చింపక ప్రక్కన నుంచుదురు. నకలు యంత్రము ఆ నిలిచిన రూపమును తీరికగా చదువుకొనును. పొరపాటున తుడిచిన ఫైలును ఆ రూపమునుండి నిమిషములో తీసి యీయవచ్చును. కాని యిది ఆ యింటిలోనిదే, ఆ చక్రములమీదిదే. ఇల్లు కాలినచో స్నాప్‌షాటును కాలును. అది నకలునకు మెట్టు మాత్రమే, నకలు గాదు.

ఆ నిలిచిన రూపమును బయటకు తెచ్చు దారులు నాలుగు. మొదటిది, ఉద్యోగులు ఫైళ్లను తెచ్చుకొను ద్వారముననే నకలు యంత్రమును వచ్చి చదువుట. ఇది యెవరి యంత్రమునకైనను సరిపడును. కాని ఫైళ్లు కోట్ల కొలది యున్నచో, ఏది మాఱినదో చూచుటకే రాత్రి గడచును. రెండవది, సర్వరు తానే టేపు యంత్రమునకు పంపుట. దీనికి ఎన్.డి.ఎం.పి. అను ఒడంబడిక కలదు. వేగమెక్కువ. కాని వ్రాయబడు లిపి తఱచు ఆ తయారీదారుని సొంతము. రేపు వేఱొకరి యంత్రము కొన్నచో అది చదువలేకపోవచ్చును.

మూడవది, క్లస్టరులోని యంత్రములన్నియు తమ తమ భాగములను ఏకకాలమున పంపుట. నిన్నటి రూపమును నేటి రూపముతో పోల్చి, మాఱినవాని పట్టికను కొట్టే తయారుచేసి యిచ్చును గాన, కోట్ల ఫైళ్లను ఒక్కొక్కటిగా తడవి చూడనక్కఱలేదు. పెద్ద కొట్టునకు నాకిది తగినదిగా తోచుచున్నది. ధాన్యపు కొట్టునకు ఒకే గుమ్మమున్నచో పదిమంది కూలీలున్నను ప్రయోజనము లేదు గదా! నాలుగవది, దూరమున రెండవ క్లస్టరును కట్టి, అందు నిరంతరము ప్రతిబింబము నుంచుట. మొదటిది కాలినను గంటలో రెండవదానినుండి పని సాగించవచ్చును. కాని వ్యయమించుమించు రెట్టింపు. పైగా ప్రతిబింబము అద్దము వంటిది. ఇక్కడ తుడిచినది అక్కడను తుడుచుకొనిపోవును. అచ్చట ప్రాత స్నాప్‌షాట్లను విడిగా నిలిపియుంచిననే అది కాపాడును.

ఇక దేనిపై వ్రాయవలెననునది. వస్తువులు ముఖ్యముగా నాలుగు: హార్డుడిస్కు, అయస్కాంతపు టేపు, కాంతితో వ్రాయు పళ్లెము, క్లౌడనబడు అద్దె కొట్టు.

హార్డుడిస్కు తిరుగు చక్రము. అడిగిన ఫైలును రెప్పపాటున తెచ్చును. నిన్నటి నకలునకు ఇది మేలు. కాని దానిని సర్వదా తిప్పుచుండవలెను, కరెంటు కావలెను, కొలది యేండ్లకు మార్చుచుండవలెను. తీగకు తగిలియుండును గాన దొంగకును అందును. చక్రము లేని ఎస్.ఎస్.డి. ఇంకను వేగము గలది. కాని కరెంటు లేక చాలకాలము బీరువాలో పడియున్నచో అందలి అక్షరములు క్రమముగా క్షీణింపవచ్చును. కావున దాచుటకు అది తగదు. పెన్‌డ్రైవు సంగతియు నంతే.

టేపనగా ప్రాత పాటల క్యాసెట్టునకు తోబుట్టువు. అది యేనాడో గతించినదని మీరనుకొనవచ్చును. గతింపలేదు. 2021లో వచ్చిన ఎల్.టి.ఓ. తొమ్మిదవ తరపు టేపు అరచేతిలో పట్టు పెట్టెయే గాని, అర అంగుళము వెడల్పును, వేయి మీటర్లకు పైగా పొడవును గల పట్టీపై 18 టెరాబైట్లను మోయును. అనగా మన నూఱు టెరాబైట్ల కొట్టునకు ఆఱు టేపులు చాలును. అది క్షణమునకు 400 మెగాబైట్లు వ్రాయును. ఆ లెక్కను సంపూర్ణ ప్రతికి ఒక వ్రాత యంత్రముతో సుమారు మూడు దినములు, రెండింటితో దినమున్నర పట్టును. దినచేర్పు రెండు టెరాబైట్లు గంటన్నరలోపల ముగియును. వ్రాసి బీరువాలో పెట్టినచో కరెంటక్కఱలేదు, దొంగకు తీగయందదు. మితమైన చలువయు, తేమలేని గదియు నున్నచో దశాబ్దములు నిలుచును.

దోషములును కలవు. చుట్టలో చివరనున్న ఫైలును వెదకుటకు చుట్టను త్రిప్పవలెను, నిమిషములు పట్టును. వ్రాత యంత్రము ఖరీదు లక్షలలో నుండును. కావున చిన్న కార్యాలయమునకు గిట్టుబాటు గాదు, పెద్ద కొట్టునకే లాభము. ఇంకొకటి, తరములు మాఱుచుండును. 2025లో వచ్చిన పదవ తరపు యంత్రము వెనుకటి తరముల టేపులను చదువనే చదువదు. టేపు ముప్పది యేండ్లు నిలిచినను, దానిని చదువు యంత్రము లేనిచో అది తాళపుచెవి పోయిన భోషాణమే. కావున కొన్ని యేండ్ల కొకమాఱు ప్రాత టేపులను క్రొత్తవానిపైకి ఎక్కించుచుండవలెను. మన పూర్వులు శిథిలమగుచున్న తాటాకు ప్రతిని క్రొత్త ఆకులపై తిరుగవ్రాయించినట్లే యిది. పంతొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను కడపలో పండితులను నియమించి గ్రంథములకు ప్రతులు వ్రాయించినాడు. ఒక యూరి ప్రతిలో ఆకులు లోపించినచో వేఱొక యూరి ప్రతితో పూరించుటకు వీలైనది. అన్ని ప్రతులు ఒక్క యింటనే యుండినచో ఆ వీలేది?

కాంతితో వ్రాయు పళ్లెము ఒకమాఱు వ్రాసిన తుడువరానిది యుండును. అది గొప్ప గుణము. కాని పెద్ద బ్లూ-రే పళ్లెమునకు పట్టునది నూఱు గిగాబైట్లే. మన కొట్టునకు వేయి పళ్లెములు కావలెను. కావున తీర్మానములు, దస్తావేజుల వంటి కొలది ముఖ్య పత్రములకే అది తగును.

క్లౌడనగా ఆకాశమున మేఘము గాదు. అది వేఱొక సంస్థవారి యంత్రాలయమున మనము అద్దెకు తీసికొను గది. దూరముననున్నది గాన మన యగ్ని దానిని తాకదు. నిర్ణీత కాలమువఱకు యజమానియే తుడువజాలని తాళమును వేయించుకొనవచ్చును. నెలకింతయని అద్దె, తిరిగి తెచ్చుకొనుటకు తఱచు వేఱే రుసుము. కాని ముఖ్యమైన ప్రశ్న వేఱు. ఆపద వచ్చిననాడు ఎన్నాళ్లలో తిరిగి వచ్చును? క్షణమునకు నూఱు మెగాబిట్ల తీగపై నూఱు టెరాబైట్లు తెచ్చుకొనుటకు సుమారు తొంబదిమూడు దినములు పట్టును. మూడు నెలలు కచేరీ మూసికొనవలెను! తీగ వెడల్పు చూడక క్లౌడును నమ్ముకొనుట, బండిదారి లేని యూర ధాన్యము దాచుట వంటిది.

అయినచో దేని నెన్నుకొనవలెను? ఒక్కదాని నెన్నుకొనరాదనియే నా మనవి. అనుభవజ్ఞులు చెప్పు సూత్రము “మూడు, రెండు, ఒకటి”. అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు వేఱు జాతుల వస్తువులపై, అందొకటి వేఱే యూర. దీనికి నేటివారు “తీగకు తగులని దొకటి” అని చేర్చుచున్నారు. నూఱు టెరాబైట్ల కచేరీకి, స్నాప్‌షాట్లు అసలుయొద్ద, దినపు నకలు ప్రక్క భవనములోని హార్డుడిస్కులపై, వారపు నెలవారీ టేపులు వేఱే పట్టణమున బీరువాలో నుంచుట న్యాయమైన యేర్పాటు. పది టెరాబైట్లకు మించని చిన్న కచేరీకి టేపు యంత్రము బరువు. హార్డుడిస్కును, తాళము వేసిన క్లౌడును చాలును. టేపులను గుప్తలిపిలో వ్రాసినచో దారిలో పోయినను భయము లేదు. కాని ఆ లిపి తాళపుచెవిని వేఱొకచోట భద్రపఱచవలెను. తాళపుచెవి సర్వరులోనే యుండి సర్వరు కాలినచో, టేపులు నిలిచియు నిలువనట్లే.

వేఱు జాతి వస్తువు విలువ యెట్టిదో గూగుల్ సంస్థవారి జీమెయిల్ చరిత్ర తెలుపును. 2011 ఫిబ్రవరి చివర, క్రొత్తగా మార్చిన కార్యక్రమములోని దోషముచేత పదివేలమందిలో సుమారు ఇద్దరి ఉత్తరాలు మాయమైనవి. వేఱు వేఱు యంత్రాలయములలో ప్రతులుండియు, ఆ దోషము ప్రతులన్నిటిని ముట్టినది. కాని టేపులు తీగకు తగిలియుండవు గాన దోషము వానిని ముట్టలేదు. దినముల వ్యవధిలో ఉత్తరములను టేపులనుండి రాబట్టిరి. ప్రపంచమున మిక్కిలి క్రొత్త విద్య నెఱిగినవారిని ఆనాడు ఆదుకొన్నది ప్రాత చుట్టయే.

చివరగా, అన్నిటికంటె ముఖ్యమైనది. నకలు తీయుట సగము పని. దానినుండి మఱల నిలువబెట్టి చూచుట రెండవ సగము. కార్యక్రమములు వ్రాయువారు తమ పని దాచుకొను గిట్‌లాబ్ అను సంస్థలో, 2017 జనవరి 31వ తేదీ రాత్రి, ఒక యంత్రముపై చేయదలచిన తుడుపును పొరపాటున వేఱొక యంత్రముపై చేసిరి. సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలినవి. నకళ్ల మార్గములు అయిదున్నవని చూచుకొనగా, నమ్మదగినట్లు పనిచేయుచున్నది ఒక్కటియు లేదు. ప్రతిదినము నకలు విఫలమగుచున్నను, ఆ సంగతి తెలుపు జాబులు చేరవలసినవారికి చేరనేలేదు. వేఱొక పనికై ఆఱు గంటల ముందు యదృచ్ఛగా తీసిన ప్రతి యొకటి యుండుటచే బ్రతికిరి. ఆ సంస్థవారు తమ తప్పును దాచక లోకమునకు వివరించిరి. అందుచేతనే మనము నేర్చుకొనగలుగుచున్నాము.

కరణముల కాలమున ఏటేట జమాబందీ జరిగెడిది. గ్రామ లెక్కలను తెచ్చి పై యధికారుల యెదుట విప్పి, అంకె అంకె సరిచూపవలసి యుండెడిది. దస్తరము బీరువాలో నున్నదనిన చాలదు, విప్పి చదువవలెను. నకళ్లకును అట్టి జమాబందీ కావలెను. మూడు నెలల కొకమాఱైనను, ఒక టేపును తీసి, వేఱొక యంత్రముపై ఫైళ్లను నిలిపి, అసలుతో సరిచూచి, పట్టిన కాలమును వ్రాసి సంతకము చేయవలెను. అట్లు చూడని నకలు ఆశయే గాని నకలు గాదు.

మీలో సహకార సంఘముల పాలకవర్గములందున్నవారు కలరు. పంచాయతీలు నడిపినవారు కలరు. మీరు యంత్రవిద్య నేర్వనక్కఱలేదు. మీ లెక్కలను యంత్రముల కెక్కించువారిని అయిదు ప్రశ్నలడిగిన చాలును. మా దస్తరమున కెన్ని నకళ్లున్నవి? ఒక నకలైనను వేఱే యూర నున్నదా? ఒకటైనను తీగకు తగులకయున్నదా? నేడీ యిల్లు కాలినచో ఎన్ని దినముల పని పోవును, ఎన్ని దినములకు మఱల నిలుచును? కడపటిసారి నకలునుండి నిలువబెట్టి చూచిన తేదీ యేది? నాలుగు ప్రశ్నలకు చక్కని జవాబు చెప్పి అయిదవదానికి తడబడినవాని కొట్టునకు ఇంకను నకలు లేదనియే యెంచుడు.

విత్తనములన్నిటిని ఒక్క గాదెలో పోయని రైతులు మీరు. ఈ సంగతి మీకు నేను నేర్పునది గాదు. మీ తాతలనుండి మీకు వచ్చిన జాగ్రత్తనే, మీ మనుమల దస్తరములు నడుపువారికి గుఱుతు చేయుడని మాత్రమే నా ప్రార్థన.